చెంబుకు తొడిగిన ఉన్ని అంగీ

పోయిన నెల మా మనవరాలు నన్ను శామీర్‌పేట చెరువుకు దగ్గరలో ఉన్న తన స్నేహితురాలి ఇంటికి తీసుకుపోయింది. మా మనవరాలికి ఈ మధ్య ఉన్ని పిచ్చి పట్టింది. ఉన్నిని సబ్బునీళ్లతో తడిపి, చేతులతో రుద్ది రుద్ది గుడ్డలా గట్టిపడేలా చేసి, దానితో సంచులూ బొమ్మలూ చేస్తారు. ఫెల్టింగ్ అంటారట. నెలకోసారి కుత్బుల్లాపూర్ నుంచీ, గాజులరామారం నుంచీ, ఎక్కడెక్కడి నుంచో ఆడవాళ్లు అక్కడ చేరి, ఎవరు చేసినవి వాళ్లు తెచ్చి బల్ల మీద పెట్టి ఒకరికొకరు చూపించుకుంటారు. "అమ్మమ్మా, నువ్వు ఉన్నిలో పుట్టిన మనిషివి, రా చూద్దువు" అని బయలుదేరదీసింది. కారులో కూర్చున్నాక ఇంకో మాట కూడా చెప్పింది. "అక్కడ ఎవరి పనికీ వంకలు పెట్టకు, నీకు దండం పెడతా. పాపం అందరూ ఇష్టంగా చేసుకొస్తారు." నా నోటి సంగతి దానికి బాగా తెలుసు. సరేనన్నాను.

తలుపు తీయగానే తడిసిన ఉన్ని వాసన వచ్చింది. కుర్చీ వేస్తే కూర్చున్నాను, కాఫీ ఇస్తే తాగాను, వాళ్లు చూపించినవన్నీ చూశాను. ప్రతిదానికీ అందరూ "చాలా బాగుంది, చాలా బాగుంది" అంటున్నారు. చివర్లో ఒక అమ్మాయి, కుత్బుల్లాపూర్ చర్చి పక్కనే ఇల్లట, సంచిలోంచి చిన్న ఉన్ని అంగీ తీసి భయం భయంగా బల్ల మీద పెట్టింది. "మా అక్క పాపకని అల్లాను. మెత్తబడుతుందని వేడినీళ్లలో వేసి రుద్దాను. ఇలా ముడుచుకుపోయింది. ఇప్పుడిది ఏ పాపకూ పట్టదు" అంది నవ్వుతూ. నవ్వింది గానీ కళ్లలో నీళ్లున్నాయి. అయ్యో, ఎంత ముద్దుగా ఉందో అన్నారందరూ. అది చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. నేను దాన్ని అటూ ఇటూ తిప్పాను, లాగి చూశాను, చెయ్యి పట్టే చోట వేలు పెట్టి చూశాను, పక్కావిడ చేతిలో పెట్టాను. ఏమీ అనలేదు. ఆ అమ్మాయి నా ముఖం వైపు కాసేపు చూసి తల దించుకుంది. తిరిగి వస్తుంటే మా మనవరాలు కోప్పడింది. "వంకలు పెట్టకు అన్నాను గానీ నోరు కట్టేసుకోమన్నానా? ఒక్క మంచి మాట అంటే నీ సొమ్మేం పోయేది? ఆ పిల్ల మొహం చూశావా?" చూశాను. కానీ కారులో చెప్పుకునేంత చిన్న సంగతి కాదది. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ, బండ్ల బాటకు కొంచెం లోపలగా ఉండేది మా ఊరు. ఇప్పుడక్కడ ప్లాట్లు, ప్లాట్ల చుట్టూ గోడలు, గోడల మీద ఫోన్ నంబర్లు. నిజాం కాలంలో మా వాకిట్లో కూర్చుంటే చూపుకు గుట్టలు తప్ప అడ్డం ఉండేది కాదు. మేం కురుమలం, గొర్రెలవాళ్లం. మగవాళ్లు మందల వెంట పోయేవాళ్లు, ఇంటిపట్టున ఉన్న రోజుల్లో మగ్గం మీద గొంగళ్లు నేసేవాళ్లు. ఆడవాళ్లు ఉన్నిలోంచి ముళ్లూ పల్లేరుకాయలూ ఏరి, దాన్ని ఏకి, కదురు మీద వడికేవాళ్లు. ఇంట్లో ఏది ముట్టుకున్నా ఉన్ని జిడ్డే. అన్నంలో ఉన్నిపోగు రాని రోజు లేదు. నూలుకు పట్టించే గంజి కోసం పొయ్యి మీద చింతగింజల పిండి ఉడుకుతుంటే ఆ వగరు వాసన గల్లీ చివరిదాకా వచ్చేది. చుట్టాలు ముక్కు మూసుకునేవాళ్లు. మాకు ఆ వాసన వస్తే ఇల్లు వచ్చినట్టు.

మా అవ్వ, అంటే మా నాయినను కన్నతల్లి, ఆ ఇంటికి పెద్ద. పొట్టి మనిషి. బుగ్గన పొగాకు ముక్క ఎప్పుడూ ఉండేది. మాట తక్కువ, అన్న మాట మాత్రం తిరిగి తీసుకునేది కాదు. కదురును తొడ మీద దొర్లించి తిప్పీ తిప్పీ ఆమె కుడితొడ మీద ఒక చోట చర్మం బండలా నున్నబడిపోయింది. చిన్నప్పుడు ఆ చోట చెంప ఆనించి పడుకోవడం నాకు అలవాటు. చల్లగా ఉండేది.

మధ్యాహ్నం బువ్వలయ్యాక మగ్గం కొట్టంలో గొంగడి పరిచి ఆడవాళ్లందరూ దాని మీద చేరేవాళ్లు. ఎవరి ఉన్ని వాళ్లు తెచ్చుకుని మాట్లాడుకుంటూ వడికేవాళ్లు. పొద్దు వాలే వేళకు ఎవరు వడికిన నూలుండను వాళ్లు గొంగడి నడుమ పెట్టాలి. అందరూ దాన్ని ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుని, పోగు లాగి, పళ్లతో కొరికి, వెలుతురుకు పట్టి చూసేవాళ్లు. తప్పు ఉంటే అక్కడే చెప్పాలి. దాచకూడదు. "గిదేం నూలే, ఈడ తాడంత లావున్నది, ఈడ ఎంటికంత సన్నగున్నది" అని పక్కింటి బాలవ్వ ఎవరినైనా సరే కడిగిపారేసేది. ఆమె నూలు వంతు వచ్చినప్పుడు మిగతావాళ్లు బాకీ తీర్చుకునేవాళ్లు. మంచిగున్నది అనే మాట మాత్రం ఆ గొంగడి మీద ఎవరూ అనేవాళ్లు కారు. తప్పు లేని నూలు చేతులన్నీ తిరిగి, ఎవరూ నోరు తెరవకుండానే, వడికినామె ఒడిలోకి వచ్చి పడేది. అదే మెప్పు. అంతకు మించిన మెప్పు మా వాళ్లకు తెలియదు. నేను మొదటిసారి వడికిన ఉండను చూసి అందరూ ఏదో ఒకటి అన్నారని ఏడిస్తే, అవ్వ అన్న మాట నాకింకా గుర్తుంది. "ఏడుస్తవేందే పోరీ. గొంగడి ముంగట మొగమాటం పెట్టుకుంటె, రేపు వానల దాన్ని కప్పుకున్నోడు తడుస్తడు. గందుకే జెప్తరు."

ఆ గొంగడి మీద ఎప్పుడూ ఎవరితోనూ మాట పడని నూలు ఒక్కరిదే. మా కాక, అంటే మా నాయిన తమ్ముడి భార్య, కొమురవ్వ చిన్నమ్మది. సన్నగా, ఒకటే తీరుగా, ఎక్కడా ముడి లేకుండా వడికేది. బాలవ్వ కూడా ఆ ఉండను ఇటు తిప్పి అటు తిప్పి, ఏం దొరక్క, విసురుగా పక్కవాళ్లకు ఇచ్చేది. అలాంటి చెయ్యి ఉన్న చిన్నమ్మకు తన చెయ్యి మంచిది కాదని ఒక నమ్మకం. మొదటి కాన్పులో పిల్ల ఏడవనే లేదు. రెండోసారి పుట్టిన పిల్లవాడు పురుడు వెళ్లకముందే పోయాడు. ఊళ్లోవాళ్లు ముఖం మీద ఏమీ అనలేదు గానీ, బావి దగ్గర తను రాగానే మాటలు ఆగిపోయేవి. అప్పటి నుంచి చిన్నమ్మ కొత్తగా పుట్టిన గొర్రెపిల్లలను ముట్టుకోవడం మానేసింది. తప్పేదో తనలోనే ఉందని, తన చెయ్యి తాకితే అవి కూడా దక్కవని ఆమె భయం. పిల్లను ఎత్తుకురమ్మంటే నన్ను పిలిచేది. "నువ్వు వట్టుకో బిడ్డా, నేను ముట్టను" అనేది మామూలుగా, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా.

ఇక రాహేలమ్మ. ఊరి చివర రెండు మూడు కిరస్తానీ ఇళ్లు ఉండేవి. ఆమె మొగుడు మేడ్చల్ స్టేషన్ దగ్గర సామాను బండి తోలేవాడు. చిన్నప్పుడు ఎవరో దొరసాని దగ్గర చదువుకుంటూ అల్లికలు నేర్చుకుందామె. పాడైపోయిన గొడుగు పుల్లలు రెండు సానబట్టి వాటితో అల్లేది. మా ఇంట్లో ఆమెకు మంచినీళ్లు పైనుంచి దోసిట్లో పోసేవాళ్లు. రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ పోసేవాళ్లు. మా అమ్మ పోసేది, నేనూ పోశాను. ఆమె తల వంచుకుని తాగేది. అయితే గొంగడికి మైల లేదని మా వాళ్ల నమ్మకం. ఉన్ని మీద ఎవరు కూర్చున్నా తప్పు లేదు. అందుకని మగ్గం కొట్టంలో ఆమె మా అందరితో మోకాలికి మోకాలు తగిలేట్టు కూర్చునేది. ఆమె అల్లింది మా చేతుల్లో, మేం వడికింది ఆమె చేతుల్లో తిరిగేవి. కొట్టం దాటగానే మళ్లీ దోసిలి పట్టేది. నాకు ఊహ తెలిసి మొదటిసారి ఇదేంటని అనిపించింది అక్కడే.

చిన్నమ్మకు మూడోసారి నెల తప్పింది. కొట్టంలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే ఏమవుతుందోనని భయం. ఎత్తింది రాహేలమ్మే. "ఈసారి పిల్లకు సలికాలం వస్తది. ఒక అంగీ అల్లుదమా?" అంది. అందరూ అవ్వ వైపు చూశారు. పిల్ల పుట్టకముందే బట్టలు కుట్టకూడదని మా ఆచారం. అవ్వ పొగాకును ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చింది. బాలవ్వ మధ్యలో దూరి, "కుట్టద్దన్నరు గని అల్లద్దని ఎవరన్నరు" అంది. చిన్నమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి అవ్వ సరేనంది అనుకుంటాను. గొర్రెపిల్లలకు మొదటిసారి కత్తిరించే ఉన్ని అన్నిటికంటే మెత్తన. దాన్ని అవ్వ దాచి ఉంచింది, తెచ్చి చిన్నమ్మ ముందు పట్టింది. "నువ్వే వడుకు" అంది. చిన్నమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. అవ్వ ఆ ఉన్నిని ఆమె ఒడిలో పడేసి తన కదురు అందుకుంది.

చిన్నమ్మ వడికింది, రాహేలమ్మ అల్లింది. నల్లటి అంగీ, అంచున మాత్రం మట్టిరంగు ఉన్ని. ఏడాది పిల్లకు సరిపోయేంత పెద్దగా అల్లింది, పెరిగినా పనికొస్తుందని. గొంగడి మీద అది చేతులన్నీ తిరిగింది. ఎవరూ ఏమీ అనలేదు. చిన్నమ్మ ఒడిలోకి వచ్చి పడింది. ఆమె దాన్ని పొట్ట మీద పెట్టుకుని చూసుకోవడం నేను చూశాను.

ఆ తర్వాత రాహేలమ్మ ఏదో పెళ్లికని నాలుగు రోజులు ఊరికి పోయింది. అవ్వకు ఆ అంగీ మీద ఒక అసంతృప్తి ఉండిపోయింది. అల్లికలోంచి వెలుతురు కనబడుతోందని, వేలు పెడితే దూరుతోందని. మా గొంగళ్లు అలా ఉండవు. మగ్గం మీద నుంచి దించిన గొంగడిని వేడినీళ్లలో నానబెట్టి, బండ మీద వేసి, కాళ్లతో తొక్కేవాళ్లం. అప్పుడు పోగూ పోగూ పట్టుకుని, నీళ్లు పోసినా కిందికి దిగనంత దగ్గరవుతుంది. తొక్కని ఉన్ని మా లెక్కలో పచ్చిది, సగం పని. "గాలి వోతాంది దీన్లకెంచి. పిల్లకు సలి జొరవడుతది" అని అవ్వ ఆ అంగీని మసిలే నీళ్లలో వేసింది. కుంకుడు రసం పోసింది. గడప ముందు బండ మీద వేసి తొక్కింది. గొంగడిని ఎలా తొక్కాలో అలాగే తొక్కింది, ఎందుకంటే అవ్వకు పని సగంలో వదలడం తెలియదు. నేను పక్కనుండి నీళ్లు పోశాను. అంగీ మా కళ్ల ముందే ముడుచుకుంది. గొంగడికి ముడుచుకోవడానికి చోటు తక్కువ, అందుకే అది కొంచెమే తగ్గుతుంది. అల్లిక వదులుగా ఉంటుంది కాబట్టి ఎంతైనా ముడుచుకుంటుంది. ఆ సంగతి అల్లిక ఎరగని అవ్వకు తెలిసే దారి లేదు. కాళ్లు ఆపి చూసేసరికి అది అరచేయంత అయింది.

ఆ మధ్యాహ్నం అవ్వ దాన్ని తానే తెచ్చి గొంగడి నడుమ పెట్టింది. బాలవ్వ పక్కనున్న నీళ్ల చెంబు ఎత్తి దానికి ఆ అంగీ తొడిగింది. సరిగ్గా సరిపోయింది. చెంబుకు రెండు చేతులు వచ్చినట్టయింది. "ఇగో, చెంబుకు సలి వెట్టదు" అంది. చిన్నమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. మేమందరం నవ్వాం. అవ్వ ఒక్కతే నవ్వలేదు. పెళ్లి నుంచి వచ్చిన రాహేలమ్మ దాన్ని చూసి, పోగు తీసి విప్పి మళ్లీ అల్లుదామని చూసింది. పోగు రాలేదు. తొక్కిన ఉన్ని విప్పుకోదు. ఆమె దాన్ని గొంగడి మీద పెట్టి, ఆ కొట్టం పద్ధతి ప్రకారం నిజమే చెప్పింది. "అవ్వా, గిది నువ్వు ఖరాబ్ జేసినవ్." అవ్వకు ఎదురు చెప్పినవాళ్లను నేను అంతకు ముందు చూడలేదు. "అవు. జేసిన" అంది అవ్వ. అంతే. మళ్లీ గొర్రెపిల్లల ఉన్ని కత్తిరించే రోజులు వచ్చాక ఇంకోటి అల్లాలనుకున్నారు.

ఆ రోజులు రాలేదు. చలి మొదలైన కొత్తలోనే, నెలలు నిండకుండానే చిన్నమ్మకు నొప్పులు వచ్చాయి. పొద్దున్నే గొర్రెల దొడ్డి ఊడుస్తూ కూలబడిపోయింది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. నేను తలుపు సందులోంచి చూశాను. అంత చిన్న మనిషిని నేను అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. చాటలో ఏకిన ఉన్ని పరిచి అందులో పడుకోబెట్టారు. ఏడుపు కూడా పిల్లి కూన ఏడ్చినట్టు ఉంది. చెరువు మీది నుంచి గాలి కొడుతోంది. ఉన్న పాత గుడ్డలు ఏవి చుట్టినా పిల్ల వాటిలో కనబడకుండా పోతోంది. అప్పుడు రాహేలమ్మ లేచి పోయి కొట్టం గూట్లోంచి ఆ అంగీ తెచ్చింది. తొడిగింది. చేతుల దగ్గర కొంచెం వదులు, అంతే. గాలి చొరబడదు, చెమ్మ దిగదు. తొక్కిన ఉన్ని కదా. పిల్ల ఏడుపు మెల్లగా ఆగింది. అవ్వ ఆ అంగీని చూస్తూ నిలబడి, ఎవరితోనూ కాకుండా తనలో తనే అంది, "నేను గింత సిన్నగ జేసిన. గందుకే గింత సిన్నగ వచ్చింది." రాహేలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. కొట్టం బయట, గొంగడి లేని చోట ఆమె అవ్వను ముట్టుకోవడం అదే మొదటిసారి. "ఉన్నికి గవన్ని తెల్వది అవ్వా. పాలు వట్టుదాం పా" అంది.

ఇరవై ఒకటో రోజు పేరు పెట్టి తొట్టెలలో వేయాలి. అవ్వ ఆపింది. రెండు కాన్పులు చూసిన మనిషి. "అంగీ బిర్రుగ కానీ, అప్పుడు పేరు వెడ్దాం" అంది. బిర్రు అంటే మా వైపు బిగుతు. అప్పటి నుంచి ఆ ఇంట్లో అందరి ధ్యాసా ఆ మాట మీదే. చిన్నమ్మ దూది వత్తిని పాలలో ముంచి పిల్ల నోట్లో పిండేది. పట్టేది పట్టేది, ఇంకా పట్టేది. మధ్యాహ్నం పిల్లను చాటతో సహా కొట్టంలోకి తెచ్చి గొంగడి నడుమ, నూలుండలు పెట్టే చోట పెట్టేది. "సూడుండ్రి, బిర్రుగయితలేదా?" అని అడిగేది. మొదట అవ్వ చేతుల దగ్గర వేలు పెట్టి చూసింది. "అయితాంది" అంది. బాలవ్వ చూసింది, "అయితాంది" అంది. రాహేలమ్మ చూసింది, "అయితాందక్కా" అంది. నా వంతు వచ్చింది. నా వేలు నిన్న ఎంత దూరిందో ఇవాళా అంతే దూరింది. అవ్వ వైపు చూశాను. అవ్వ కూడా నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలుతున్నట్టు ఉంది. అవ్వ నన్ను బతిమాలడం ఏమిటని నాకు భయమేసింది. "అయితాంది చిన్నమ్మా" అన్నాను. ఆ గొంగడి మీద అబద్ధం ఆడడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. ఆ తర్వాత చలికాలమంతా రోజూ ఆడాం. చిన్నమ్మ ముఖం కడుక్కున్నట్టు తేటపడేది. ఒకరోజు దొడ్లో కొత్తగా పుట్టిన గొర్రెపిల్లను తానే ఎత్తి దాని తల్లి దగ్గర వేయడం నేను చూశాను.

చలి విరిగే రోజుల్లో, ఒక పొద్దున పిల్ల పాలు మింగలేదు. కాక ఎడ్లబండి కట్టాడు, మేడ్చల్ పోయి డాక్టరు దొరకు చూపిద్దామని. బండి ఊరు దాటకముందే వెనక్కి తిరిగింది. చిన్నమ్మ బండి దిగి, వాకిట్లో కూర్చుని, అంగీని తన చేతులతోనే విప్పింది. విప్పడం ఏమీ కష్టం కాలేదు. వదులుగానే ఉంది కదా. పిల్లను తన చీర చెంగు చింపి అందులో చుట్టింది. పేరు లేదు కాబట్టి, ఏడ్చేవాళ్లు ఏ పేరు పెట్టి ఏడవాలో తెలియక, "బిడ్డా బిడ్డా" అని ఏడ్చారు. చిన్నమ్మ ఏడవలేదు.

కొన్ని రోజులకు కొట్టంలో మళ్లీ గొంగడి పరిచారు. పని ఆగదు కదా, నూలు కావాలి. చిన్నమ్మ వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. కదురు తేలేదు. ఆ అంగీ తెచ్చి గొంగడి నడుమ పెట్టి కూర్చుంది.

"గొంగడి మీద కూసోని అందరు అయితాందన్నరు. ఇయ్యాల నిజం జెప్పుండ్రి. ఒక్కనాడన్న బిర్రుగైందా?"

బాలవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాహేలమ్మ తల దించుకుంది. అవ్వ పొగాకు ఊసి వచ్చి చెప్పింది.

"లేదు బిడ్డా. ఎన్నడు కాలె."

"నాకెర్కే అత్తా. తొడిగేది నేను, ఇడిశేది నేను. నా ఏలుకు ఎర్కలేదా? మీరు అయితాందంటె ఇంటికి వోయి ఇంక జరసేపు పాలు వట్టిన. మీరనకుంటె గన్ని దినాలు నాతోని కాకపోతుండె." అంగీని కొంచెం ముందుకు జరిపింది. "ఇంకోటి అడుగుత. దీన్ల నూలు నాది. మోసింది నేను. పాలు నావి. గిది మూడోది. తప్పు యాడున్నదో సూడుండ్రి. ఉంటె దాయద్దు. జెప్పుండ్రి."

అవ్వ అంగీని తీసుకుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుని, ఎదురు వెలుతురుకు పట్టి, అంచు లాగి, మడత విప్పి, కొత్త నూలును ఎంత జాగ్రత్తగా చూస్తుందో అంత జాగ్రత్తగా చూసింది. చూసి, ఏమీ అనకుండా బాలవ్వకు ఇచ్చింది. ఎవరి మీదైనా నోరు పారేసుకునే బాలవ్వ దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, నోరు విప్పకుండా రాహేలమ్మకు ఇచ్చింది. రాహేలమ్మ ఒక్కొక్క కుట్టూ వేలితో తడిమి చూసింది. నా చేతికి వచ్చింది. నేను కూడా వాళ్లు నేర్పినట్టే లాగి చూశాను, వేలు పెట్టి చూశాను. తీసుకుపోయి చిన్నమ్మ ఒడిలో పెట్టాను. చుట్టూ ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

చిన్నమ్మ మా అందరి ముఖాలూ చూసింది. ఎవరైనా ఏమైనా అంటారేమోనని ఎదురుచూసింది. తర్వాత గొంగడి మీద బోర్లా పడి, అప్పుడు ఏడ్చింది. అన్నిటికీ కలిపి ఏడ్చింది. అవ్వ కదురు పక్కన పెట్టి ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. ఆ రోజు మా కొట్టంలో ఎవరూ వడకలేదు.

చిన్నమ్మకు మళ్లీ పిల్లలు కలగలేదు. గొర్రెపిల్లలను మాత్రం ఇక ఎప్పుడూ నాతో ఎత్తించలేదు, తానే ఎత్తుకునేది. తర్వాత నిజాం పోయాడు, మందలు పోయాయి, మగ్గం గుంత పూడ్చి దాని మీద అరుగు కట్టారు. రాహేలమ్మ వాళ్లు ఎటో పనుల వెంట పోయారు, జాడ తెలియలేదు. శామీర్‌పేటలో ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఆడవాళ్లను చూస్తే నాకు సంతోషమే కలిగింది. ఎవరు ఏ ఇంటివాళ్లో ఎవరూ అడగలేదు, అందరూ ఒకే తీరు కప్పుల్లో కాఫీ తాగారు. రాహేలమ్మకు మా ఇంట్లో ఒక్కసారైనా గ్లాసు చేతికి ఇచ్చి ఉంటే బాగుండేదని ఆ కప్పు పట్టుకున్నంతసేపూ అనుకున్నాను. అప్పటిదంతా మంచిదని నేను అనను. ఇప్పటివాళ్ల మంచి మాటలనూ తీసెయ్యను. మేం కూడా ఒక చలికాలం మంచి మాటలు చెప్పాం, అవి ఒక తల్లికి పనికొచ్చాయి.

పెళ్లయి సికింద్రాబాదు వచ్చాక ఏడాదికోసారి అయినా చిన్నమ్మను చూసి వచ్చేదాన్ని. ఆమె ఇంట్లో పొయ్యి పైన గూట్లో ఒక చెంబు ఉండేది, చిన్న ఇత్తడి చెంబు. దానికి ఆ అంగీ తొడిగి ఉండేది. బాలవ్వ తొడిగిన చెంబే అది. నవ్వినందుకు పెట్టుకుందో, ఏడ్చినందుకు పెట్టుకుందో నేను అడగలేదు. నేను వెళ్లినప్పుడల్లా అన్నాలయ్యాక ఆమె లేచి, అంగీని చెంబు మీది నుంచి తీసి, దుమ్ము దులిపి, నా చేతిలో పెట్టేది. "సూడు" అనేది. నేను తిప్పి చూసేదాన్ని, అంచు లాగి చూసేదాన్ని, వేలు పెట్టి చూసేదాన్ని. ఏమీ అనకుండా ఆమె ఒడిలో పెట్టేదాన్ని. ఆమె తల ఊపి, మళ్లీ చెంబుకు తొడిగి, "ఇగ చాయ్ తాగుతవా?" అని అడిగేది. కళ్లు పూర్తిగా పోయాక కూడా గోడ పట్టుకుంటూ లేచి పోయి తెచ్చి ఇచ్చేది. నేనేమీ అనకపోవడం వినడానికి చెవి ఇటు తిప్పి కూర్చునేది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. అవ్వ అంతకు ముందే పోయింది. బాలవ్వ పోయింది. శామీర్‌పేటలో ఆ పిల్ల అంగీ నా చేతికి వచ్చినప్పుడు, నాకు తెలిసిన అన్నిటికంటే పెద్ద మాట నేను ఆ పిల్లకు చెప్పాను. ఆ పిల్లకు అది వినబడలేదు. అందులో తప్పేమీ లేదు. విని అర్థం చేసుకునేవాళ్లలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను.